బొంబాయి శాఖానగరములందలి కార్మికనివాసములు

అమరసింహుడు పురవర్గమునందు మూలనగరముకంటె వేఱైన పురమును శాఖానగరమని నిర్వచించెను. చెట్టునకు కొమ్మ యెట్లో, పెద్దపట్టణమునకు చుట్టునున్న పేట లట్లని దాని తాత్పర్యము. కాని చెట్టునందు వేరు సారమును కొమ్మకు పంపును. యంత్రశాలలు వెలసిన పిమ్మట పట్టణములయందు ఈ వ్యవహారము తలక్రిందైనది. కాయకష్టమంతయు కొమ్మలనుండి మూలమునకు పోవుచుండెను. మూలము తనలో నిముడని జనమును, తాను చూడనొల్లని మురికిని కొమ్మలకు పంపుచుండెను. ఇట్టివానిలో బొంబాయి ద్వీపపు ఉత్తరభాగ మొకటి. అచ్చట 1898 మొదలు 1930 ప్రాంతమువఱకు ప్రభుత్వమువారును, వారిచే నేర్పడిన సంఘములవారును పేదలకొఱకు కట్టించిన యిండ్ల చరిత్రమును, ఇండ్లకై జనము అలమటించుచున్న ఆ కాలముననే వానిలో వేలకొలది గదులు ఖాళీగా నేల నుండిపోయెనను ప్రశ్నమును ఈ వ్యాసమున విచారింపదలచితిని.

ఇది ఆంధ్రులకు పట్టని విషయమని చదువరులు తలపరాదు. 18వ శతాబ్ది చివర హార్న్‌బీ గవర్నరు కాలమున సముద్రపుపోటును అడ్డగించు కట్ట ముగిసిన పిదప, ద్వీపమధ్యమున నుండిన చిత్తడినేలలు క్రమముగా నెండి నివాసయోగ్యము లయ్యెను. అచ్చట గుడిసెలు వేసికొన్నవారిలో నిజామురాష్ట్రమునుండి పోయిన తెలుగు కూలివారు ముఖ్యులు. వారిని కామాటులనిరి, వారి పేట కామాటిపురమయ్యెను. కామాటి యన మనకును మంటిపని చేయు కూలివాడే. తరువాతి కాలమున తెలంగాణపు పద్మశాలీలు మగ్గములు విడిచి అచ్చటి బట్టలమిల్లులలో చేరిరి. బొంబాయి మేడల పునాదులు త్రవ్విన చేతులలోను, అచ్చటి మరమగ్గములను నడపిన చేతులలోను తెలుగుచేతు లెన్నియో గలవు. ఆ చేతులవారికి తలదాచుకొన నేమి దొరకెనో తెలిసికొనుట మన చరిత్రలోని భాగమే.

ముందుగా స్థలస్వరూపము చెప్పవలెను. ద్వీపపు దక్షిణకొనను కోటయు, ఓడరేవును, వర్తకుల పేటలును గలవు. ఉత్తరమున పరేలు, వర్లీ, నాయగాము, శివడీ, దాదరు, మాటుంగ. 1900 ప్రాంతమున వీనిలో పెక్కుచోట్ల కొబ్బరితోటలును, వరిమళ్లును, ఉప్పుకొఠారులును ఉండెను. శాసనరీత్యా ఇవి పురపాలకసంఘపు ఎల్లలోనివే. ఎల్లకు ఆవల, సాష్టీద్వీపమునందలి బాంద్రా, కుర్లా మొదలగు గ్రామములను జేర్చి బొంబాయి శాఖానగరమండలమని ప్రత్యేకమైన జిల్లాను 1920లో ఏర్పఱచిరి. కాని పరిపాలకుల గీతలకంటె బ్రతుకుతీరు ప్రమాణ మనుకొన్నచో, పరేలు, వర్లీ, మాటుంగలును శాఖానగరములే. మొదటి బట్టలమిల్లు 1850ల మధ్యభాగమున తాడదేవునందు వెలసెను. పిదప మిల్లులన్నియు చౌకయైన నేలను వెదకికొనుచు ఉత్తరమునకు ప్రాకెను. ఆ భాగమునకు గిరణగామని పేరు వచ్చెను. మిల్లునకు మహారాష్ట్రులు గిరణి యందురు. తెలంగాణమున పిండిమరను గిర్ని యనుట దీనితో పోల్చదగినది.

1896 సెప్టెంబరునందు రేవు ప్రక్కనున్న మాండ్వీ పేటలో మహామారి పొడచూపెను. దానిని మొదట గుర్తించినవాడు అకాషియో వియేగాస్ అను వైద్యుడు. జనము వేలకువేలు ఊరు విడిచి పాఱిపోయిరి. మిల్లులు కూలివారు లేక వెలవెలబోయెను. రోగమునకు మూలము గాలి వెలుతురు సోకని ఇండ్లేయని నిశ్చయించి, ప్రభుత్వమువారు 1898లో శాసనము చేసి నగరాభివృద్ధిసంఘము నొకదానిని నిలిపిరి. క్రొత్తవీధులు తీయుట, ఇఱుకుపేటలను పడగొట్టుట, పేదలకును రక్షకభటులకును ఆరోగ్యకరమైన ఇండ్లు కట్టుట యను పనులు దానికి అప్పగింపబడెను. ఈ క్రమమును గమనింపవలెను. వీధులును పడగొట్టుటయు ముందు, కట్టుట వెనుక. సంఘము నడచినదియు ఆ వరుసలోనే. నాగపాడాలో ఇండ్లు కూల్చిరి. ప్రిన్సెస్ వీధిని, సాండ్‌హర్‌స్టు వీధిని విశాలముగా తీసిరి. అవి నేటికిని ఆ నగరమునకు అలంకారములే. కాని కొంపలు కూలినవారు వీధి పూర్తియగువఱకు ఆకాశమున వ్రేలాడియుండలేరు గదా! వారు ప్రక్కపేటలలోని గదులలో దూఱిరి. మొదటి రెండు దశాబ్దములలో సంఘము కూల్చిన గదులకన్న కట్టించినవి తక్కువ. ఒక పేటకు గాలి వచ్చెను. దానికి ప్రక్కపేట ఊపిరితో వెల చెల్లించెను.

అప్పటి కూలివాని యిల్లు ఎట్టిదో చూతము. ఇండ్లలో కడపటిది ఝావళి. ఎండిన కొబ్బరి, ఈత ఆకులతో అల్లిన పాకకు ఆ పేరు. (మన జావళీలకు దీనితో సంబంధము లేదు, ఆ పాకలలో పాట లుండిన నుండవచ్చును.) దానికి మీదిది చాళు. రెండు మొదలు నాలుగైదు అంతస్తుల కట్టడము. ఒక్కొక అంతస్తున వరుసగా ఒంటిగదులు, వానిముందు పొడవున వసారా, చివర అందఱికి నుమ్మడిగా మరుగుదొడ్లు, నీటికొళాయి, మోరీ. చాళు అనుమాట మహారాష్ట్రము. మన చాలు, అనగా నాగటిచాలు, వరుస, దానికి చుట్టమగునో కాదో భాషావేత్తలు తేల్చవలెను. చాళులోని గదిని ఖోలీ యందురు. ఈ ఖోలీయే బొంబాయి కూలివాని లోకము. 1921-22 సంవత్సరములలో ప్రభుత్వపు కార్మికశాఖవారు రెండువేలకు పైబడిన కుటుంబముల ఆదాయవ్యయములను పరీక్షింపగా, నూటికి 97 కుటుంబములు ఒకే గదిలో కాపురముండుట తేలెను.

ఒకే గది యన్నంతమాత్రమున ఒకే కాపురమని అనుకొనరాదు. 1922లో స్త్రీకార్మికుల స్థితిగతులను విచారించిన బార్న్సు అను వైద్యురాలు ఒక చాళులోని రెండవ అంతస్తున 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల గదిలో ఆఱు కుటుంబములు కాపురముండుటను కన్నులార చూచి వ్రాసినది. పెద్దలు పిన్నలు కలసి 30 మంది. ఆమె కుటుంబముల నెట్లు లెక్కించినదనగా, నేలమీద ఆఱు పొయ్యిలు వేఱువేఱుగా నుండెను. ఈ విషయము మనవారికి విడమఱచి చెప్ప నక్కఱలేదు. అన్నదమ్ములు విడిపోయినచో ‘వేఱుకుంపటి పెట్టినా’రందుము, గోడ పెట్టినారన్నమాట తరువాతిది. కాపురమునకు కొలమానము పొయ్యి. ఆ వైద్యురాలు ఏ దేశపుదైనను, లెక్క సరిగా పెట్టినది. ప్రభుత్వమువారు మాత్రము గదులను లెక్కించిరి. ఈ రెండు లెక్కలకు నడుమనున్న అగాధమే ఈ వ్యాసమునకు ప్రధానవిషయము.

ఈ సందర్భమున తఱచుగా ఉదాహరింపబడు మరణసంఖ్య లున్నవి. 1921లో పురపాలకసంఘపు ఆరోగ్యాధికారి నివేదిక ననుసరించి, నమోదైన ప్రతి వేయి జననములకు ఏడాది నిండకుండ మరణించిన శిశువులు ఒంటిగది వాసములలో 828, రెండుగదుల వానిలో 322, మూడుగదుల వానిలో 191, నాలుగును అంతకు మించినవానిలో 133. మొదటి సంఖ్యను చూచి గుండె చెదరని వారుండరు. అయినను చరిత్రకారుడు దానిని ఉన్నదున్నట్లు గ్రహింపరాదు. కూలివారి స్త్రీలు పెక్కురు పురుటికి రత్నగిరి, సతారా ప్రాంతములందలి పుట్టిండ్లకు పోయి, బిడ్డను ఎత్తుకొని మఱల వచ్చువారు. ఆ బిడ్డ పుట్టుక బొంబాయి పట్టికలో నుండదు, చావు మాత్రముండును. నగరమున పుట్టినవారిలోను నమోదు కానివారు గలరు. కావున 828 అనునది నిజమునకు మించిన సంఖ్య. కాని ఈ దోషమును తీసివేసినను, గదులు తగ్గినకొలది చావులు పెరిగిన ఆ క్రమము చెక్కుచెదరదు. సంఖ్యలను పూర్తిగా నమ్మువారును, పూర్తిగా త్రోసిపుచ్చువారును దీనియందు సమానముగా పొరబడిరి.

అభివృద్ధిసంఘమున ఈ విషయమును శ్రద్ధగా తలపోసినవాడు దాని అధ్యక్షుడు ఓర్. ప్రతి గదికి ఆకాశము కనబడవలెను; అందులకై గోడమొదటనుండి ఎదుటి యింటి శిఖరమునకు గీచిన గీత నేలతో అఱువదిమూడున్నర డిగ్రీలకు మించిన కోణము చేయరాదని అతడు నియమము కల్పించి, 1912లో దానినిగూర్చి ఉపన్యసించెను. తేలికగా చెప్పవలెనన్నచో, ఇంటి యెత్తులో సగమైనను ఎదుట బయలుండవలెను. నియమము మంచిది. బయలు వదలినచో ఆ నేలమీది గదులు తగ్గును. గదులు తగ్గినచో అద్దె హెచ్చును. అద్దె హెచ్చినచో ఆకాశము చూడవలసినవాడు ఇఱుకుసందులోని పాతగదికే మరలిపోవును. వెలుతురునకు కోణము కనిపెట్టిరి గాని అద్దెకు కోణము కనిపెట్టలేదు.

నగరపు రద్దీ తగ్గుటకై సంఘమువారు దాదరు, మాటుంగలయందు విశాలమైన భూములు సేకరించి, వీధులు, తోటలు, మురుగుకాలువలతో శాఖానగరమును తీర్చిరి. పని మెల్లగా సాగి, మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదపనే ఇండ్లు లేచినవి. పేదలు కాకున్నను, నడితరగతివారు అచ్చటికి పోయినచో వారు విడిచిన గదులు పేదలకు దొరకునని ఒక ఆశ యుండెను. నడితరగతివారు నిజముగానే వచ్చిరి: పారసీలు, గుజరాతీలు, మహారాష్ట్రులు, మాటుంగలో దక్షిణాదివారు. గుమాస్తాలును, ఉపాధ్యాయులును ఐన తెలుగువారు కొందఱు ఈ ప్రాంతమునకు చేరిరి. ఆంధ్ర మహాసభ దాదరునందే వెలసినది. ఈ యిండ్లలో మరుగుదొడ్డి గడపలోపలనే యుండుట అప్పటికి వింత. కాని వీరు విడిచిన గదులు పేదలకు దిగిరాలేదు. ఏటేట ఊరినుండి వచ్చు క్రొత్తజనము వానిని ముందే ఆక్రమించెను. 1901లో 7,76,006గా నున్న నగరజనసంఖ్య 1921 నాటికి 11,75,914 అయ్యెను.

పేదలకై సంఘము కట్టించిన చాళ్లును లేకపోలేదు. పరేలులోని అట్టి చాళులో భీమరావు అంబేడ్కరు 1912 మొదలు ఇంచుమించు ఇరువదియేండ్లు కాపురముండెను. ఆయనకు ఎదురెదురుగా రెండు గదులు. ఒకదానిలో సంసారము, రెండవదానిలో చదువు, పుస్తకములు, వచ్చిపోవు ప్రజలు. 1930ల నడుమ ఆయన దాదరు హిందూకాలనీలో తన గ్రంథములకొఱకు కట్టించుకొన్న రాజగృహమునకు మారెను. ఆ నేలయు ఈ సంఘమువారి పథకములోనిదే. ఒకే సంఘము తీర్చిన రెండువిధములైన వాసములకు ఈ ఒక్క జీవితమునందు సాక్ష్య మున్నది. అయితే చాళునుండి కాలనీకి సాగిన ఆ దారిని నడవగలిగిన కూలివారు వేళ్లమీద లెక్కింపదగినవారు.

యుద్ధకాలమున అద్దెలు మిన్నుముట్టగా 1918లో అద్దెలను అదుపుచేయు శాసనము వచ్చెను. 1919, 1920లలో మిల్లుకూలివారు పెద్దసమ్మెలు చేసిరి. అప్పటి గవర్నరు జార్జి లాయిడు 1920లో అభివృద్ధిశాఖ యను క్రొత్తకార్యాలయమును నెలకొల్పి, రెండు గొప్ప పనులకు పూనుకొనెను. ఒకటి బ్యాక్‌బే యను ఉపసాగరమును పూడ్చుట. అది డబ్బును మ్రింగి నగుబాటైన కథ. నారిమను మహాశయుని విమర్శలతోను, వ్యాజ్యముతోను ప్రసిద్ధికెక్కినది. దానిని ఇచ్చట విడిచెదను. రెండవది కార్మికులకై 625 చాళ్లు, వానిలో 50,000 ఒంటిగదులు కట్టుట. దీనికై ఋణము తీసిరి. నగరమునకు వచ్చు ప్రత్తి బేలు ఒక్కింటికి ఒక రూపాయ సుంకము విధించిరి. ప్రత్తితో బ్రతుకు నగరము ప్రత్తిమీది పన్నుతోనే కూలివాని కిల్లు కట్టుట న్యాయమైన ఊహ. ఇండ్లు కట్టుట తన ధర్మమని ప్రభుత్వము ఇంత బాహాటముగా ఒప్పుకొనుట మన దేశమున అరుదు. ఈ మెప్పు లాయిడునకు ఈయవలసినదే.

ఇక లెక్క చూడుడు. 50,000 గదులలో 2,50,000 మందికి వసతి కల్పింతుమని వారు ప్రకటించిరి. భాగించినచో గదికి ఐదుగురు. 1921 జనగణనమున బొంబాయి ఒంటిగది వాసములలో సగటున నుండినవారు గదికి నలుగురు! ఏ ఇఱుకును పోగొట్టుటకై ఈ మహాపథకము పుట్టెనో, ఆ ఇఱుకుకంటె హెచ్చైన ఇఱుకును పథకమే తన మొదటి పంక్తిలో వ్రాసికొనెను. గది వైశాల్యము సుమారు 160 చదరపుటడుగులు. ఇది ఎవరో దుర్మార్గుడు చేసిన పని గాదు. గదిని కొలమానముగా పట్టినవాని కట్లే తోచును. ఎన్ని గదులు, గదికి ఖర్చెంత, గదికి తలలెన్ని యని అడుగును గాని, ఆ తలలు పండుకొనునప్పుడు పొయ్యి ఎచ్చటనుండునని అడుగడు.

కట్టినవి కడకు 207 చాళ్లు: వర్లీలో 121, నాయగాములో 42, డెలైలువీధిలో 32, శివడీలో 12. గదులు 16,000కు పైచిలుకు. నేల అంతస్తు మీద మూడంతస్తులు; అంతస్తునకు ఇరువది గదులు. సిమెంటుకాంక్రీటు గోడలు. పాతచాళులో గదిముందు వసారా బయలునకు తెఱచియుండెడిది. అది గాలివచ్చు త్రోవ, పిల్లలాడు చోటు, ఎండకాలమున మగవారి పడక, ఆడవారు బియ్యమేఱుకొను అరుగు. క్రొత్తచాళులో ఖర్చు కలిసివచ్చుటకై గదులను రెండువరుసలుగా ఎదురెదురుగా పెట్టి, నడుమ లోపలినుండి నడవ తీసిరి. వసారా చీకటినడవ యయ్యెను. కాంక్రీటుగోడలో మేకు దిగదు. దీపపుగూడు త్రవ్వ వీలులేదు. ఇవి చిన్నవిషయములని ఇంజనీర్లకు తోచియుండును. ఒంటిగదిలో బ్రతుకువారికి గోడయే పెట్టె, గోడయే బీరువా, గోడయే దేవునిపీట.

1920ల చివఱకు ఈ గదులలో వేలకొలది ఖాళీగానుండెను. వర్లీలో మఱియు హెచ్చు. కారణ మేమి? జనము తఱిగెనని కొందఱందురు. కొంత నిజమే: 1931లో జనసంఖ్య 11,61,383కు దిగెను, బట్టలమిల్లులకు చెడ్డకాలము వచ్చెను, 1928 సమ్మె ఆఱునెలలు సాగెను. కాని అదే కాలమున పరేలు పాతచాళ్లలో గదులు క్రిక్కిఱిసియే యుండెను. కావున ఈ సమాధానము చాలదు. నాకు ముఖ్యముగా తోచునది అద్దె. కార్మికశాఖవారి పరీక్షలో కుటుంబపు నెలసరి రాబడి సగటున 52 రూపాయలు. వ్యయములో అద్దెకు పోవునది నూటికి ఎనిమిదికి లోపు. అనగా ఇంచుమించు నాలుగు రూపాయలు. క్రొత్తగదుల అద్దె ఇంతకు మించినది. ప్రత్తిసుంకము నష్టమును భరించినను మించినది. ప్రభుత్వమువారు తగ్గించుచు రావలసివచ్చెను. నలుగురు ఒంటరిమగవారు కలసి గది తీసికొని, ఒకడు పగటిపూటను ఒకడు రాత్రిపూటను పండుకొనుచు, ఖాణావళి నడపు ఇల్లాలివద్ద భోజనము చేయుట పాతచాళులో జీవితవిధానము. ఒక కుటుంబమునకొక గది యను పథకమున అట్టివారికి చోటులేదు.

రెండవది దూరము. వర్లీ అప్పటికి పల్లెకారుల గ్రామమును, సముద్రపుగాలియును. ఆరోగ్యమునకు మేలైనచోటే, కాని మిల్లు దగ్గఱ కాదు, బజారు లేదు. కూలివానికి జీతము నెలకొకమారు; ఆ నడుమ బియ్యమప్పిచ్చు శెట్టియో బనియాయో పేటలో నుండవలెను. పని యిప్పించు జాబరు అదే పేటలో నుండును. తన ఊరివారు, తన కులమువారు, ఆపదకు పది రూపాయలు చేబదులిచ్చువారు అచ్చటనే యుందురు. ఇవన్నియు ఒక గదితో కూడివచ్చును, క్రొత్తగదితో రావు. ప్రభుత్వమువారు గోడలను, కప్పును ఇచ్చిరి. పాతగదికి అద్దె యిచ్చినవాడు కొనుచుండినది గోడలును కప్పునేనా?

ఈ ఖాళీగదులకు అనుకొనని ఉపయోగ మొకటి 1930లో కలిగెను. ఉప్పుసత్యాగ్రహమున పట్టువడినవారితో చెఱసాలలు నిండిపోగా, ప్రభుత్వమువారు వర్లీచాళ్లను తాత్కాలికకారాగారముగా చేసిరి. కాంక్రీటుగోడలు, వరుసగదులు, నడుమ నడవ, మార్పవలసినది స్వల్పము. కార్మికవాసముగా నప్పని కట్టడము చెఱసాలగా నప్పుటను చూచి ఆ కాలపు జనులు నవ్వుకొనిరో ఏడ్చిరో యెఱుగము.

1931లో కార్మికస్థితులను విచారించిన రాజసంఘమువారు తమ నివేదికలో బొంబాయి యిండ్లను విపులముగా చర్చించిరి. అభివృద్ధిసంఘము 1933లో పురపాలకసంఘమున లీనమయ్యెను. తరువాత కథ మలుపుతిరిగెను. అద్దెలు తగ్గెను, బజారులు వచ్చెను, 1941 నాటికి నగరజనము 15 లక్షలకు సమీపించెను, యుద్ధము మిల్లులకు మఱల పని యిచ్చెను. వర్లీగదులు నిండెను. చీకటినడవలో పొయ్యిలు వెలిగెను. వాకిళ్లముందు ముగ్గులు పడెను. మెట్లక్రింద భజనసమాజములును, వ్యాయామశాలలును, కార్మికసంఘముల కొట్టులును వెలసెను. తెలంగాణపు నేతవారును ఆ చుట్టుపట్లనే స్థిరపడి, బడులు, గుళ్లు కట్టుకొనిరి. కట్టినవారు గదులు కట్టిరి. ఇండ్లుగా చేసినవారు వేఱు. ఆ పనికి పదునైదు, ఇరువదియేండ్లు పట్టెను. దాని ఖర్చు ఏ అభివృద్ధిశాఖ లెక్కలలోను చేరలేదు.

ఆ చాళ్లు నూఱేండ్లు నిలిచినవి. 2017లో వర్లీ, నాయగాము, డెలైలువీధులలోని వానిని పడగొట్టి గోపురములవంటి భవనములు కట్టు పనికి శంకుస్థాపన జరిగెను; 160 చదరపుటడుగుల గదికి బదులు 500 చదరపుటడుగుల యిల్లు ఈయవలెనని నిర్ణయము. వర్లీలో మొదటి 556 కుటుంబములకు 2025 ఆగస్టునందు తాళపుచెవులు అందెను. శివడీలోని 12 చాళ్లు రేవుసంఘమువారి నేలమీద నుండుటచేత ఆ పనిలో చేరలేదు.